తుపాకుల టింబిలా

"తాతా, చెయ్యి తియ్."

సెలెస్తె కేకకు ముసలాయన చెయ్యి తీయలేదు. ఇంకా దగ్గరికి వంగాడు.

ఆయన వంగి చూస్తున్నది ఆమె చేసిన శిల్పాన్ని. టింబిలా అంటే కర్రలతో కొట్టి వాయించే వాయిద్యం; మామూలుగా దాని పలకలు కొయ్యవి, వాటి కింద సొరకాయ బుర్రలు. ఇది వేరు. యుద్ధం ముగిశాక జనం అప్పగించిన తుపాకులను కోసి, పలకల స్థానంలో గొట్టాలు పేర్చింది. బుర్రల స్థానంలో తూటాల పెట్టెలు వేలాడదీసింది.

మపూటో నగరంలో ఆ సాయంత్రం పెద్ద ప్రదర్శన. పేరున్న చిత్రకారుల బొమ్మలన్నీ హాల్లో ఉన్నాయి. సెలెస్తెకు పెరట్లో, నీళ్ల ట్యాంకు పక్కన చోటిచ్చారు.

వచ్చినవాళ్లు వచ్చినట్టే హాల్లోకి పోతున్నారు. ఇటు తొంగి చూసిన పాపాన పోలేదు, ఈయన తప్ప.

"నిన్నెవరు రానిచ్చారు?"

"కాపలావాడు అటు తిరిగి ఉంటే వచ్చేశానమ్మా. మాది జవాలా, టింబిలాలు చేసే ఊరు. తుపాకులు బుద్ధి తెచ్చుకున్నాయని విన్నాను. నిజమో కాదో చూసిపోదామని."

సెలెస్తెకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

"చూశావుగా. ఇక వెళ్లు."

"మోగుతుందా?"

"మోగించడానికి కాదు తాతా, చూడ్డానికి."

"చూడ్డానికి టింబిలా ఏమిటి? వాసన చూసి పొమ్మని రొయ్యలు వండుతావా?"

ఆయన కిందపడ్డ రెండు కర్రముక్కలు ఏరుకున్నాడు. జేబురుమాలు చింపి వాటి చివర్లకు చుట్టాడు. ఆమె వద్దనేలోపే ఒక గొట్టం మీద కొట్టాడు.

ఖంగుమంది.

సెలెస్తె నెలల తరబడి ఆ ఇనుముతో కుస్తీ పట్టింది. అందులో ఇంత తీపి ఉందని ఆమెకే తెలియదు.

"ఇంకోటి కొట్టు," అంది.

ఇంకోటి కొట్టాడు. తర్వాత ఆయన చేతులు ఆగలేదు. ఈ చివర నుంచి ఆ చివరికి పరుగులు తీశాయి. పెట్టెలు గుమ్మని పలికాయి.

హాలు కిటికీ తెరుచుకుంది. ఒక తల బయటికొచ్చింది. కాసేపటికి తలుపులోంచి జనం తోసుకుంటూ వచ్చారు.

గేటు దగ్గర బజ్జీలమ్మే ఆవిడ తట్ట దించేసి, నడుము గుడ్డ బిగించి ఆట మొదలెట్టింది. పెద్ద పెద్ద చిత్రకారులు బూట్లు విప్పి దిగారు.

"చచ్చిన ఇనుము పాడుతోందిరా," అన్నారెవరో.

"ఏం పాట తాతా ఇది? ఎక్కడా విన్లేదే," అని అరిచింది సెలెస్తె ఆ గోలలో.

"పాటేం కాదులే. ఒకప్పుడు అవసరం పడి కట్టాను."

ఇంకేదో అడగబోయింది. ఈలోగా పత్రికలవాళ్లు చుట్టుముట్టారు. ఎవరో కావలించుకున్నారు, ఎవరో భుజాల మీదికి ఎత్తారు. నవ్వో ఏడుపో తెలియకుండా ఆమె కళ్లు నిండిపోయాయి.

కిందికి దిగి చూస్తే ముసలాయన లేడు.

"జవాలా బస్సు తప్పిపోతుందని పోయాడు," అన్నాడు కాపలావాడు.

"పేరేమిటో అడిగావా?"

"అంతసేపు పక్కన నిలబడి నువ్వే అడగలేదు. నేనా అడిగేది?"

అప్పుడే ప్రదర్శనకు అద్దె కుర్చీలు తెచ్చే బండి వచ్చింది. జెరెమియాస్ ఒక కుర్చీ పట్టుకుని కాలీడ్చుకుంటూ దిగాడు. సెలెస్తె కోసిన గొట్టాలన్నిటినీ అతికించింది అతనే.

"ఏంటక్కా ఈ జనం? పొద్దున ఈగ కూడా లేదుగా ఇక్కడ."

"మన తుపాకులు పాడాయి, జెరెమియాస్. ఆగు, ఈ పాట విను."

కర్రలందుకుని, గుర్తున్నంతలో తప్పులతడకగా వాయించింది.

జెరెమియాస్ చేతిలోని కుర్చీ జారిపడింది.

"ఇది నీకెవరు చెప్పారు?"

"ఎవరో తాత. జవాలా ఆయన. ఇప్పుడే వెళ్లాడు."

అతను గేటు దాకా ఉరికాడు. కుంటికాలితో ఉరకగలిగినంత. రోడ్డు మీద బస్సు రేపిన దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఎవరాయన?" వెనకే వచ్చింది సెలెస్తె.

"యుద్ధంలో నా కాలికి గుండు తగిలి పడిపోతే, అడవంతా వీపు మీద మోసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాడక్కా. కళ్లు మూస్తే పోతానని, దారిపొడుగునా ఈ పాటే పాడుతూ నన్ను నిద్రపోనివ్వలేదు."

"మీ దళంలోవాడా?"

జెరెమియాస్ తల అడ్డంగా ఊపాడు.

"కాదు. నన్ను కాల్చినవాడు."