ఎర్ర టేపు

చెత్తడబ్బాలో చెయ్యి పెట్టి కెలుకుతున్న ముసలాయన్ని బుధవారం మొదట చూసింది బోరమ్.

దేజన్ నగరంలోని ఆ పరిశోధన సంస్థ నాలుగో అంతస్తులో ఆయన్ని ఎప్పుడూ చూసింది లేదు. భుజాన నీలం సంచి. పారేసిన యాంటీబాడీ అట్టపెట్టెలు ఒక్కొక్కటే తీసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి, నంబర్లు పుస్తకంలో రాసుకుంటున్నాడు.

బోరమ్ అలికిడికి ఒక పెట్టె జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

"అక్కా, ఎవరో మన పెట్టెల నంబర్లు రాసుకెళ్తున్నాడు."

కాఫీ కలుపుతున్న సీనియర్ హేజిన్ చెంచా ఆపింది. "ఎదురు ల్యాబ్ వాళ్ళు పంపి ఉంటారు. ఆ నంబర్లు చూస్తే మనం దేని వెనక పడ్డామో తెలిసిపోదూ?"

బోరమ్‌కి అసలే టైము లేదు. శుక్రవారానికి ప్రొఫెసర్ ముందు తన ప్రయోగం ఫలితం చూపే ఒక్క ఫొటో పెట్టాలి. లేకపోతే ఈసారి పీహెచ్‌డీ పట్టా లేదు. పట్టా లేకపోతే మార్చిలో చేరాల్సిన ఉద్యోగమూ లేదు. కణాల్లో కావలసిన ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే ద్రవం ఈ యాంటీబాడీ; మూడేళ్ళు చక్కగా పనిచేసి, కొత్త సీసా తెరిచిన దగ్గర్నుంచి మొండికేసింది. ఫొటోలో నల్లటి గీత రావలసిన చోట ఏమీ రావడం లేదు.

ఆమెకున్న దిక్కు ఒక్కటే, యాంటీబాడీల వివరాలు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్. సీసా మీది నంబరు కొడితే అది దేన్ని పట్టుకుంటుందో, ఎవరికి పనిచేసిందో, ఎక్కడ బెడిసికొట్టిందో చెబుతుంది. కింద వాడినవాళ్ళ మాటలు, వాళ్ళ ల్యాబ్ పేర్లు. 'పాత ఫ్రిజ్' అనే ఒకాయన ఎవరేమడిగినా ఓపిగ్గా జవాబిస్తాడు. ఆయనకి మాత్రం ల్యాబ్ పేరు లేదు.

"ఆ ఫ్రిజ్‌నే పెళ్ళి చేసుకో" అని హేజిన్ వెక్కిరిస్తుంటుంది.

సోమవారం బోరమ్ తన గోడు అక్కడే రాసుకుంది. 'ఇది ఏ విడత సీసా?' అని పాత ఫ్రిజ్ నుంచి వెంటనే ప్రశ్న వచ్చింది. తయారైన విడత మారితే ఒక్కోసారి యాంటీబాడీ గుణమే మారిపోతుంది.

అక్కడే చిక్కు వచ్చిపడింది. ఆ ల్యాబ్‌లో సీసా తెరిచినవాళ్ళు తమ రంగు టేపు చుట్టి తేదీ రాయాలి. బోరమ్‌ది ఎర్ర టేపు. తొందరలో విడత నంబరు మీదే చుట్టేసింది. పీకితే లేబులూ ఊడొచ్చింది. సిగ్గుపడుతూ ఆ సంగతే రాసింది.

అప్పట్నుంచి పాత ఫ్రిజ్ ఉలుకూ పలుకూ లేదు.

"ఆయన కూడా ముఖం చాటేశాడక్కా."

గురువారం మధ్యాహ్నం ముసలాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి నేరుగా ల్యాబ్ తలుపు దగ్గరికే.

"ఎర్ర టేపు అమ్మాయివి నువ్వేనా?"

బోరమ్ హేజిన్ వైపు తిరిగి చూసింది.

"మన టేపు రంగులు కూడా కనిపెట్టేశాడు చూశావా!" హేజిన్ గార్డుకి ఫోన్ కొట్టింది.

"ఎవరండీ మీరు?" బోరమ్ అడిగింది.

"నేనెవరైతే ఏంలేమ్మా. ముందు ఇది తీసుకో." ముసలాయన నీలం సంచి చాపాడు.

"ముట్టుకోకే!" హేజిన్ అరిచింది. "ప్రయోగాలు చెడగొట్టడానికి ఏం తెచ్చాడో!"

బోరమ్ రెండడుగులు వెనక్కి వేసింది. "నాకేం వద్దు. మా చెత్త కెలికి ఎవరికి మోస్తున్నారు?"

ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి.

గార్డు యాంగ్ వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. "పదండి పెద్దాయనా. సంచి నాకిచ్చి వెళ్ళండి. మా ఆఫీసరు చూడాలి."

"సరే బాబూ. కాస్త చల్లగా ఉంచండి."

"డిసెంబర్‌లో ఇంకా చల్లగానా!" గార్డు నవ్వాడు.

శుక్రవారం ప్రొఫెసర్ ఖాళీ ఫొటో చూసి, "ఇక పట్టా సంగతి ఆగస్టులో చూద్దాంలే" అన్నాడు.

కళ్ళు తుడుచుకుంటూ గేటు దాటుతున్న బోరమ్‌ని గార్డు పిలిచాడు.

"అమ్మా, ఆ పెద్దాయన సంచిలో మీ ల్యాబ్ సరుకులాంటిదే ఉంది. ఓసారి చూస్తారా?"

గార్డు గదిలో సంచి హీటరు పక్కన ఉంది.

"రాత్రంతా ఇక్కడేనా?"

"ఔనమ్మా. చలికి గడ్డకడుతుందేమోనని జాగ్రత్తగా వెచ్చగా పెట్టాను."

బోరమ్ జిప్పు తీసింది. ఐసు పొట్లాలు కరిగి నీళ్ళయ్యాయి. వాటి మధ్య తను పారేసిన అట్టపెట్టె. ఈ విడత పనికిరాదన్నట్టు దాని మీది విడత నంబరు పెన్సిల్‌తో కొట్టేసి ఉంది. పక్కన రెండు చిన్న సీసాలు. మూడేళ్ళు తను వాడిన పాత విడతవే, ఇప్పుడు ఎక్కడా అమ్మనివి. పట్టుకుంటే వేడిగా తగిలాయి. వేడికి పాడైపోయాయి, ఇక వాటితో ఏ ప్రయోగమూ కుదరదు.

రెండు సీసాలకూ విడత నంబరు చక్కగా కనబడేలా, దాని కిందుగా ఎర్ర టేపు చుట్టి ఉంది. ఆ టేపు మీద సన్నటి వణికే అక్షరాలతో రాసి ఉంది: 'ఇవాళే మొదలుపెడితే రేపటికి ఫొటో వస్తుంది. ఇట్లు, పాత ఫ్రిజ్.'