సుక్రాం వంతు

ఆ ఉదయం యాకోబు అయ్యగారి చీపురు పుల్లల్లో ఒక ఇప్పపువ్వు ఇరుక్కుని ఉంది. ఆయన మా చర్చి పాస్టరు. రోజూ వాకిలి ఊడ్చేదీ ఆయనే.

రాజుగారి సిపాయి బేగారి కోసం వచ్చాడు. కూలి లేకుండా దొర సామాన్లు కోంటా దాకా మోయాలి. ఆ రోజు వంతు మా ఊరి సుక్రాందే. అతను చర్చి అరుగు మీద జ్వరంతో వణుకుతున్నాడు.

పాస్టర్లకు బేగారి లేదు. కానీ చేతిలో చీపురు చూసి సిపాయి అయ్యగారిని పనివాడనుకున్నాడు. "ఏయ్ బుడ్ఢే, ఉఠా!" అంటూ మూట చూపించాడు.

"అయ్యగారూ, నువ్వెందుకు? నా వంతు, నేనే పోత," అని సుక్రాం లేవబోయాడు.

"నిలబడనీకే శాత కాదు, మూట మోస్తవా? పండుకోరా," అని ఆయన నవ్వి, తలగుడ్డ చుట్టుకున్నారు.

నేను పుస్తకం పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. వెళ్లే ముందు ఆయన నా వైపు చూశారు. ఊరుకోమన్నారో, సిపాయికి చెప్పమన్నారో ఇప్పటికీ తెలియదు.

మూడో రోజు అయ్యగారి శవాన్ని ఊరివాళ్లు మోసుకొచ్చారు. ఎండదెబ్బ అన్నారు.

ఆదివారం వాక్యం చదవడానికి ఇప్పుడు నన్నే నిలబెడుతున్నారు. పుట మీద ఆ చూపే కనబడుతుంది.

కాన్వెంటులో నేను ఎనిమిదేళ్లు హిందీ చదివాను. ఆ వాకిట్లో సిపాయి భాష మాట్లాడగలిగింది నేనొక్కదాన్నే.