బెర్గెన్ నుంచి వచ్చిన ఉత్తరాలు

“ఈ ఉత్తరం ప్రొఫెసర్ బందీని గారు రాసుండరు, సిన్యోరా,” అన్నాడు లాపో, కంప్యూటర్ తెరను ఆమెవైపు తిప్పుతూ.

నీవెస్ కళ్ళజోడు సవరించుకుంది. ఫ్లోరెన్స్ దగ్గరి కొండమీద ఉన్న ఆ భూకంప పరిశీలనాలయంలో ఆమె ఒకప్పుడు అక్కడి పెద్ద బందీని దగ్గర టైపిస్టు. డెబ్భై ఆరేళ్ళ వయసులో, పాత ఉత్తరాల్లోని చేతిరాత చదివిపెట్టడానికి మళ్ళీ వస్తోంది. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ, ప్రతి పేరుకీ, ఊరికీ, తేదీకీ లాపో ఒక గుర్తు పెడతాడు. అదే గుర్తు ఏ దేశపు గ్రంథాలయంలో కనబడినా రెంటికీ దానంతటదే ముడి పడుతుంది.

అలాంటి ముడి ఒకటి ఇప్పుడు గుట్టు విప్పింది. 1964 ఏప్రిల్లో బందీని పేరుతో నార్వేలోని బెర్గెన్‌కి, సీవర్ట్ హౌగ్ అనే శాస్త్రవేత్తకి ఉత్తరం వెళ్ళింది. అదే వారం బందీని భార్య తూరిన్‌లోని డాక్టరుకి రాస్తూ, పక్షవాతంతో ఆయనకి మాటా, చెయ్యీ పడిపోయాయని చెప్పింది.

“నేనే రాశాను,” అంది నీవెస్. “సంతకం కూడా నేనే పెట్టాను.”

ఆమే చెప్పుకొచ్చింది. ఆ నెల హౌగ్ నుంచి మామూలుగానే ఉత్తరం వచ్చింది. భూప్రకంపనల లెక్కలు, చివర బందీని నిమ్మచెట్ల మీద వేళాకోళం. ఆమె చదివి వినిపిస్తే మంచంమీది మనిషి కళ్ళు నవ్వాయి. ఆ నవ్వు మళ్ళీ చూడాలని జవాబు రాసింది. అలా ఆరేళ్ళు రాస్తూనే ఉంది.

పోనుపోను ఆ ఉత్తరాల కోసం ఆమే ఎదురుచూసేది. తన తల్లి పోయినప్పుడు, ‘మా ఆఫీసు అమ్మాయికి అమ్మ పోయింది’ అని బందీని పేరుతోనే రాసింది. బెర్గెన్ నుంచి నాలుగు పేజీల ఓదార్పు వచ్చింది. అంత పెద్దాయనకి ఒక టైపిస్టు దుఃఖం ఎలా అర్థమైందా అని ఆశ్చర్యపోయింది.

“తర్వాత ఎందుకు ఆపేశారు?”

1970లో బందీని పోయాడు. నిజం చెబితే ఆరేళ్ళ అబద్ధమూ చెప్పాలి. ఆ ధైర్యం ఆమెకి లేకపోయింది. బెర్గెన్ నుంచి మరో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆరోగ్యం ఎలా ఉందని ఒకటి, నామీద కోపమా అని ఇంకొకటి. వాటిని సొరుగులో పెట్టేసింది. బెర్గెన్‌లోని ఆ ముసలాయన ఎదురుచూసి ఎదురుచూసి పోయుంటాడన్న బాధ మాత్రం నలభై ఏళ్ళుగా ఆమెను వదల్లేదు.

“రాసినవాళ్ళ చోట నా పేరే పెట్టు నాయనా,” అంది. “ప్రొఫెసర్ గారికి మచ్చ రాకూడదు.”

లాపో ఆమె పేరు చేర్చాడు. ఆమె లేవబోయి ఆగింది.

“హౌగ్ ఎప్పుడు పోయాడో నీ ముడుల్లో తెలుస్తుందా? ఎన్నేళ్ళు ఎదురుచూశాడో ఒక్కసారి చూసి చెప్పు.”

లాపో హౌగ్ పేరు నొక్కాడు. బెర్గెన్ గ్రంథాలయంలోని పేజీ తెరమీదికి వచ్చింది. దాన్ని రెండుసార్లు చదివి, ఆమెవైపు చూశాడు.

“పంతొమ్మిది వందల అరవై రెండులోనే, మీ మొదటి ఉత్తరానికి రెండేళ్ళ ముందే పోయాడు, సిన్యోరా.”