గోనె తరుగు

ఎర్రన్న కాటా ఎక్కాడు. అరవై. దిగి మళ్లీ ఎక్కాడు. అరవై. ఇంకోసారి ఎక్కబోతుంటే కొట్టు యజమాని యుగంధర్ నవ్వాడు.

“బాబాయ్, గాజు అరిగిపోతాది. ముల్లుదైతే సవగ్గా వస్తాది కదా?”

“ముల్లుది తడితే కదుల్తాది. నాకొద్దు.”

పక్క కిరాణా కొట్టు అరుగు మీద పాతిక కిలోల బియ్యం బస్తా ఉంది. ఎర్రన్న అడిగి తెచ్చి గాజు పలక మీద నిలబెట్టాడు. పాతిక మీద ఒక చుక్క ఎక్కువ చూపించింది.

“అది సంచి బరువు,” అని తలాడించాడు. నరసన్నపేట రైసు మిల్లులో కాటా దగ్గర పనిచేసి మానేసినవాడు. అతనికి కాటా మీద నమ్మకమే. దాన్ని పట్టుకునే చేతుల మీదే అనుమానం.

“చాప మీద పెట్టకు. చదునుగా ఉన్న గచ్చు మీదే పెట్టు. పొద్దున్నే, పరగడుపున సూడాలి,” అన్నాడు యుగంధర్. “ఎవరికి బాబాయ్?”

“మా ఇంటిదానికి.”

“తగ్గడానికా?”

“పెరగడానికి.”

దాలమ్మ తుంటి కీలు అరిగిపోయింది. కాలు కింద మోపలేదు. కీలు మార్చవచ్చు గానీ, నలభై కిలోల మనిషి మత్తుకి తట్టుకోలేదని, నలభై ఐదుకి వచ్చాక తీసుకురమ్మని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పాడు. అప్పటిదాకా మంచమే.

మర్నాడు పొద్దున్న కాటాను వంటింటి గచ్చు మీద పెట్టాడు.

“నిలబడలేనిదాన్ని, ఎలాగ తూస్తావు మావా?” అంది దాలమ్మ.

“మిల్లులో ధాన్యం ఒట్టిగా తూస్తామేటే? గోనెతో తూసి, గోనె తరుగు తీసేస్తాం. గోనె ఒకపాలి తూసుకుంటే సాలు. నేను గోనెని, నువ్వు ధాన్యం.”

“సిరిగిన గోనె,” అంది ఆమె.

రెండు చేతుల మీదా ఎత్తుకుని కాటా ఎక్కాడు. ఆమె అడ్డం ఉండడంతో అతనికి అంకె కనబడలేదు. ఆమే మెడ వంచి చదివింది.

“వంద.”

“అరవై తీసెయ్.”

“నలభై. డాక్టరు సెప్పిందే.”

“మరి! మంచి కాటా.”

ఆ రోజు నుంచి ఇంట్లో గుడ్డు ఆమెదే, పాలు ఆమెవే. నెత్తళ్ల చేపలు వండితే గిన్నె ఆమె మంచం పక్కనే ఉండేది. ఎర్రన్న రెండు ముద్దలు తిని, సయించడం లేదని కంచం జరిపేసేవాడు. చెంబు తర్వాత చెంబు నీళ్లు తాగేవాడు. ఎండలు అలాగున్నాయి.

ఒకనాడు ఆమె “తొంభై తొమ్మిది” అంది. తర్వాత తొంభై ఎనిమిది. అతను మనసులోనే అరవై తీసేసి ఆమెను మంచం మీద పడుకోబెట్టేవాడు.

“తిన్నదంతా ఎటు పోతన్నాదే?”

“నాకేటి తెలుసు? మెతుకు వదలకుండా తింటన్నాను. జాకెట్టు కూడా సంకల దగ్గర పట్టేస్తన్నాది.”

“ఉతికితే బిగిసుంటాది.”

ఎత్తేటప్పుడు ఇప్పుడు గోడకి భుజం ఆనించి ఆగాల్సి వస్తోంది. ఆమె అతని ఆయాసం విని ఊరుకునేది కాదు.

“తగ్గిపోతన్నానంటావు. మోయలేకపోతన్నావు.”

“నీకు బరువు తగ్గితే నాకు వయసు తగ్గుతాదేటే?”

అంకె తొంభై ఏడుకి దిగిన రోజున కాటాను సంచిలో పెట్టుకుని మళ్లీ యుగంధర్ కొట్టుకి వెళ్లాడు. యుగంధర్ కొత్త బ్యాటరీ వేశాడు. అరుగు మీది బస్తా తెచ్చి పెట్టాడు. పాతిక మీద ఒక చుక్క.

“కాటాది తప్పు లేదు బాబాయ్.”

తప్పుంటే బాగుండునని ఎర్రన్న దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. జారుతున్న పంచెను బిగించి కట్టుకుని, కాటా చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున్న దాలమ్మ అంకె చదివి కళ్లు మూసుకుంది.

“ఎంతే?”

“తొంభై ఆరు.”

అరవై తీసెయ్యమని అతను అనలేదు.

“ముప్పై ఆరా మావా?”

“ఊఁ.”

“ఇంక కాలు రాదు కదా.”

అతను ఆమెను మంచం మీద దించి దుప్పటి సర్దాడు. “ఒకపాలి డాక్టరుకి సూపిద్దాం.”

“ఏటి సూపించడానికి?” అని ఆమె గోడ వైపు తిరిగింది.

అయినా వెళ్లారు. ఆసుపత్రిలో కాటా నేల మీద పలకలా పరిచి ఉంది. నర్సు దాలమ్మను చక్రాల కుర్చీతో సహా దాని మీదికి తోసి అంకె చూసింది. ఆమెను బల్ల మీదికి మార్పించి, ఖాళీ కుర్చీని విడిగా తూచింది.

“కుర్చీ బరువు మీకు తెలిసిందే కదమ్మా,” అన్నాడు ఎర్రన్న. “మళ్లీ ఎందుకు?”

“ప్రతిసారీ చూడాలి తాతా. మొన్న దీనికి కాళ్లు పెట్టుకునే పలకలు ఊడిపోయినాయి. పాత లెక్క తీసేస్తే మనిషి బరువు తప్పొస్తాది.” నర్సు వేళ్ల మీద లెక్కవేసింది. “నలభై ఐదున్నర.”

“సరిగ్గా సూడమ్మా,” అంది దాలమ్మ.

నర్సు రెండోసారి చూసింది. “నలభై ఐదున్నరే. ఇంక ఆపరేషన్ రోజు సెప్పేస్తారు.”

దాలమ్మ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు వినబడింది. “కాలొస్తాది మావా!”

“మరి ఇంట్లో తొంభై ఆరే కదమ్మా వచ్చింది,” అన్నాడు ఎర్రన్న నర్సుతో. “నేను దీన్నెత్తుకుని ఎక్కితే తొంభై ఆరు. కాటా మంచిదే. అందులో నా అరవై తీసేస్తే...”

నర్సు అతని మెడ వైపు, బిగించి బిగించి కట్టిన పంచె ముడి వైపు చూసింది. ఖాళీ కుర్చీని కాటా మీంచి పక్కకి తోసింది.

“తాతా, ఇప్పుడు నువ్వెక్కు.”