సిరా తనిఖీ

"వీలు చూడమన్నారా? అలాగేనండీ, రేపు మధ్యాహ్నం వీలవుతుంది," అన్నాడు మేస్త్రీ.

"వీలు కాదయ్యా, వేలు! వేలు చూడమన్నాను!" యజమాని గొంతు చించుకున్నాడు.

కింద షెడ్డులో ఇరవై రెండు ప్రెస్సులు దబదబా డబ్బా మూతలు కొడుతుంటే మేడమీది గాజుగదిలో కూడా మాట వినపడి చావదు. ఆ గదిలోంచి యజమాని షెడ్డులోకి దిగి ఎరగడు. బూట్లకి నూనె అంటుతుందట.

"ఎవరి వేలండీ?"

"మన ప్రెస్సువాళ్ళది. రేపు ఓట్లు కదా. మిషను మిషనుకీ ఇనప జాలీ బిగించాలని చట్టం తెస్తానంటోందే ఆ పంతులమ్మ, ఈ వెధవలు ఓటేస్తే దానికే వేస్తారు. అసలు వెయ్యనే కూడదు. జాలీ పెడితే గంటకి వంద మూతలు తగ్గుతాయి. అవతల నిలబడింది నా తోడల్లుడు! ఎల్లుండి గేటు దగ్గర ఎడమ చూపుడు వేలు చూడు. సిరా ఉంటే ఇంటికి పొమ్మను. పది వేళ్ళూ లెక్కపెడుతూ కూర్చోకు, షిఫ్టు ఆలస్యమవుతుంది."

మేస్త్రీ తలూపాడు. ఎడమచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మేస్త్రీగిరీతో వచ్చిన దర్జా అనుకుంటాడు యజమాని.

మెట్ల కింద బామ్మర్ది కాచుకుని ఉన్నాడు. మూడో ప్రెస్సు మనిషి.

"ఏం బావా, జాలీ అడిగితే జాలి లేదన్నాడా మీ దొర?"

"ఓటేసినవాడికి పని లేదన్నాడు. ఎల్లుండి గేట్లో నేనే చూస్తా."

"నువ్వా? మొన్నటిదాకా మా పక్కన ప్రెస్సు తొక్కినవాడివి! అక్క మొహం చూసి ఊరుకుంటున్నా. బిస్కెట్టుకి తోకాడించేవాణ్ణి బావా అని పిలవాలంటే నోరు చేదవుతోంది. మేం ఓటేస్తాం. నీ చేతనైంది చేసుకో."

"నా మీద వేలెత్తి చూపేవాడు ఈ షెడ్డులో ఎవడున్నాడురా?" అన్నాడు మేస్త్రీ చల్లగా.

మూతలు కొట్టేవాడి నోటికి మూత పడింది.

ఎల్లుండి రానే వచ్చింది. గేటు దగ్గర ఒక్కొక్కడే పళ్ళు నూరుతూ ఎడమచెయ్యి చాచాడు. ఒకడు మేస్త్రీ కాళ్ళ ముందే ఉమ్మేశాడు.

"చూపుడు వేలికి సిరా లేదు. లోపలికి నడు."

ఇరవై రెండుసార్లూ అదే మాట. బామ్మర్ది వంతూ వచ్చింది. వాడు బావ మొహంలోకి ఒక్క క్షణం చూసి లోపలికెళ్ళాడు.

"ఒక్కడి చూపుడు వేలికీ సిరా లేదండీ," అన్న కబురు విని యజమాని మురిసి ముక్కలయ్యాడు.

మర్నాడు ఫలితం వచ్చింది. వేలల్లో గెలుస్తానన్న తోడల్లుడు, చేతివేళ్ళకి కాలివేళ్ళు కలుపుకుంటే లెక్క తేలిపోయే తేడాతో, పంతొమ్మిది ఓట్లతో ఓడాడు.

యజమాని మొదటిసారి షెడ్డులోకి దిగాడు. బూట్లకి నూనె అంటినా ఆగలేదు.

"ఆపండ్రా మిషన్లు! ఏమయ్యా మేస్త్రీ, నిజంగా చూశావా, చూశానని బొంకావా?"

"మీరు చూడమన్న వేలే చూశానండీ. మిగతావి లెక్కపెట్టొద్దన్నారు."

"ఎత్తండ్రా ఎడమ చేతులు!"

ఇరవై రెండు చేతులు లేచాయి. మేస్త్రీ కూడా జేబులోంచి తీసి తనదీ ఎత్తాడు. అన్ని నడిమి వేళ్ళ మీదా సిరా నల్లగా మెరుస్తోంది.

చూపుడు వేలు ఒక్కరికీ లేదు.