మందు ముట్టని కోళ్లు

“మళ్లీ చచ్చిందా?” అన్నాడు గుడ్ల వ్యాపారి, ట్రేలను బల్ల మీద దించుతూ.

“చావలేదు మామయ్యా. వైరస్ అసలు పెరగనేలేదు,” అన్నాడు అల్లుడు. బల్బు ముందు పట్టుకున్న గుడ్డు మీంచి అతను చూపు తిప్పలేదు. లోపల పిండం నిక్షేపంగా కదులుతోంది.

వ్యాపారికి నవ్వొచ్చింది. కోడిపిల్ల బతికి ఉందని దిగులుపడే మనుషుల్ని ఆయన ఈ లాబొరేటరీలోనే చూశాడు. గుడ్డుకు బెజ్జం పెట్టడం, అందులోకి వైరస్‌ను ఎక్కించడం, మైనంతో మూసి వెచ్చటి పెట్టెలో ఉంచడం. అది లోపల పెరిగితే బయటికి తీసి, చంపి, టీకా తయారుచేయడం. ఈ మాత్రానికి అన్నేళ్ల చదువు! వ్యాపారి దృష్టిలో ప్రతి మనిషీ ఒక సరుకే. అల్లుడు మాత్రం గోదాములో ఓ మూల మిగిలిపోయిన సరుకు. తిరిగి ఇచ్చేద్దామన్నా తీసుకునేవాడు లేడు.

“కొత్త జ్వరం కోళ్లకొచ్చింది, కోళ్ల నుంచి మనుషులకొచ్చింది. ఎవరూ పిలవకుండానే ఇల్లిల్లూ తిరుగుతోంది. నువ్వు మాత్రం పిలిచి, వెచ్చగా పడుకోబెట్టి, మర్యాదలు చేసినా ఉలకదు, పలకదు. నీ మొహం దానికీ నచ్చలేదల్లే ఉందయ్యా.”

అల్లుడు ఆ గుడ్డు పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాడు.

“అమ్మాయి ఎలా ఉంది?”

“ఇంకా జ్వరాల వార్డులోనే డ్యూటీ. ఇంటికొచ్చినా వరండాలోనే పడుకుంటోంది. పాపను కిటికీలోంచి చూసుకుంటోంది. ముందు నర్సులకైనా టీకా అందితే...”

“అందితే! మొదటి విడత చేసి ఏం వెలగబెట్టావు?”

“తెలిసిందేగా మామయ్యా. కరెంటు పోయి చల్లగది వేడెక్కింది. పరీక్షించి చూద్దామన్నా వినకుండా డైరెక్టరుగారు పనికిరాదని తేల్చేశారు.”

“ఆ పెట్టెలన్నీ కాల్చడానికి ఎత్తుకెళ్లింది నా బండే. మీరు చెత్త చేయడం, నేను ఎత్తడం!”

వ్యాపారి ఖాళీ ట్రేలు పేర్చసాగాడు. మూలన పడి ఉన్న అట్టపెట్టెలూ వాటి మీదే వేసుకున్నాడు. ఆయన చేతిలో ఏదీ వృథా పోదు. పగిలిన గుడ్లు బేకరీకి వెళ్తాయి, పెంకులు పొడై మేతలో కలుస్తాయి, రెట్ట పొలాలకు చేరుతుంది. పారేయడం తెలిసినవాడు బాగుపడడని ఆయన నమ్మకం. ఈ భవనం నిండా పారేసేవాళ్లే.

తలుపు తోసుకుని డైరెక్టరు వచ్చాడు. వ్యాపారి ఆయన్నీ ఓసారి ఎగాదిగా చూశాడు. పైన రంగు కాగితం, లోపల ఖాళీ డబ్బా.

“ఏమయ్యా, పెరిగిందా?”

“లేదు సార్.”

“అయితే ఇవాళ్టితో ఈ గదికి తాళం. నీకు ఇంకా టైమిచ్చి పైవాళ్ల చేత నేను తిట్లు తినలేను.”

“సార్, ఒక్క మాట వినండి. మొదటి విడతలో ఇదే వైరస్ చక్కగా పెరిగింది. అప్పుడు వాడిన గుడ్లు వేరే ఫారంవి. ఆ ఫారంలో ఇప్పుడు ఒక్క కోడీ లేదు. చుట్టుపక్కల మిగిలింది మామయ్య ఫారం ఒక్కటే. లోపం వైరస్‌లో లేదు, ఈ గుడ్లలోనే ఉంది.”

“నా గుడ్లకే వంకా?” వ్యాపారి గొంతు లేచింది. “ఆడలేక మద్దెలను తిట్టకు!”

“వంక కాదు మామయ్యా. వైరస్‌ను తట్టుకునే శక్తి కోడికి వచ్చిందంటే అది గుడ్డులోకీ దిగుతుంది. ఆ గుడ్డులో ఇక ఆ వైరస్ పెరగదు. మందు ముట్టని కోళ్ల గుడ్లే కావాలని ఒప్పందం చేసుకుని, మంచి ధర ఇస్తున్నది అందుకే. నిజం చెప్పండి, వాటికి ఏమైనా వేయించారా?”

“మందు కొనడానికి జేబులో చెయ్యి పెట్టే మొహమేనా నాది?”

ఆ సంగతి మాత్రం అల్లుడు కాదనలేకపోయాడు.

“మరి మీ కోళ్లు ఎందుకు చావలేదు?”

“నా చేతి చలవ.”

డైరెక్టరు పెదవి విరిచాడు. “చలవా లేదు, చట్టుబండలూ లేవు. ఈ జ్వరానికి లోకంలో ఇంకా టీకానే లేదు. కాబట్టి వేయించే ప్రశ్నే లేదు. అంటే ఈయన కోళ్లకు రోగం సోకింది. పైకి కనబడకుండా మోస్తున్నాయి.” జేబులోంచి ఫోను తీశాడు. “పశువైద్య శాఖకు చెప్తాను. సాయంత్రానికల్లా ఫారం మొత్తం గోతిలో పూడ్చేస్తారు.”

“పూడ్చేస్తారా? పరిహారం ఇస్తారా?”

“రోగం దాచినవాడికి పరిహారమా? కేసు పెట్టకపోతే సంతోషించు.”

వ్యాపారి చేతిలోని ట్రేలు కిందికి జారాయి. ఆయన బుర్రలో తక్కెడ గబగబా ఊగింది. ఒక పళ్లెంలో లాబొరేటరీ ఒప్పందం, ఇంకో పళ్లెంలో కోళ్లు. ఒప్పందం పోతే గుడ్లు బజారులో అమ్ముకోవచ్చు. కోళ్లే పోతే అమ్మేందుకు ఏముంటుంది?

“ఫోను ఆపండి సార్! వాటికి రోగం లేదు, రొష్టూ లేదు. టీకా వేశాను. పక్క ఫారంలో కోళ్లు రాలడం మొదలవగానే, ఒక్కోదాన్నీ రెక్క పట్టుకుని నేనే సూది పొడిచాను.”

అల్లుడు కుర్చీలోంచి లేచాడు. డైరెక్టరు మాత్రం పగలబడి నవ్వాడు.

“లోకంలో లేని టీకా నీకెవడు అమ్మాడయ్యా? నీళ్లు పోసి అంటగట్టి ఉంటాడు.”

గుడ్ల వ్యాపారి అల్లుడి వంక మునుపటి చులకనతోనే చూశాడు.

“కొనలేదని ముందే చెప్పానుగా సార్.”

“మరి?”

“ఇతగాడు పారేసిన మందే పొడిచాను.”