పుస్తకంలో ఉన్న మాట

"నువ్వు గుమ్మంలో అడుగు పెట్టగానే పోల్చుకున్నానయ్యా. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. నా కన్ను తప్పదు," అన్నాడు డాక్టర్ కామేశ్వరరావు.

కృష్ణప్రియ పొడుగు మనిషి. గొంతు బొంగురు. ఇసుక తట్టలు మోసి అరచేతులు కాయలు కాశాయి. ఆ చేతుల్ని కొంగులో దాచుకుంది. ఆమెను 'అయ్యా' అన్నందుకు పక్కనున్న భర్త ఓంకార్ ఏదో అనబోయాడు. ఆమె అతని చెయ్యి నొక్కి ఆపింది.

మాదాపూర్‌లో హార్డ్‌వేర్ షాపు మీది గది అది. కిటికీలోంచి కొత్త టవర్ కనిపిస్తోంది. సగానికి అద్దాలు బిగించారు. మిగతా సగం ఇంకా సిమెంటే. ఓంకార్ అక్కడ వైర్‌మన్. కృష్ణప్రియ అక్కడే కూలి. శేరిలింగంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. గుట్ట మీది గుళ్ళో పెళ్ళి చేసుకున్నారు. రెండు వైపుల నుంచీ ఒక్కరూ రాలేదు.

ఇప్పుడు వచ్చింది ఉత్తరం కోసం. ఒళ్ళు ఒకటీ మనసు ఒకటీ అయి పుట్టినవాళ్ళకు ఆపరేషన్ చేసే సర్జన్ బొంబాయిలో ఉన్నాడు. మనసు డాక్టరు రాసిచ్చిన ఉత్తరం లేనిదే ఆయన కత్తి పట్టడు. ఈ చుట్టుపక్కల అలాంటి ఉత్తరం రాసేది కామేశ్వరరావు ఒక్కడే.

డాక్టరు ఓంకార్ వైపు తిరిగాడు. "నీకేం ఖర్మ బాబూ? నిఖార్సైన మగాడివి. మీసం తిప్పుకుని తిరగాల్సినవాడివి. లోకంలో ఆడపిల్లలే కరువయ్యారా?"

ఓంకార్ చాలాసేపు డాక్టరు ముఖంలోకి చూశాడు. కళ్ళు తడిశాయి. సిగ్గుపడ్డాడనుకున్నాడు డాక్టరు.

"నువ్వు బయట కూసో," అంది కృష్ణప్రియ.

"నేనుంట."

"నా మాటిను. జర గాలికి కూసో పో."

ఓంకార్ తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. 'మగాడివి' అన్న మాట డాక్టరు ఇంకోసారి అంటాడేమోనని ఎదురుచూస్తున్నట్టు నిలబడి, తర్వాత వెళ్ళిపోయాడు.

డాక్టరు లావుపాటి అమెరికా పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. "పుస్తకం ప్రకారమే రాస్తాను. మొదటి మాట, లింగ భ్రాంతి. రెండో మాట, స్వలింగ సంపర్కం."

"అదెట్లయితది సార్? మాది పెండ్లి."

"పుట్టుకను బట్టి లెక్క. పుట్టుకలో మీరిద్దరూ ఒకటే కదా? అందుకే ఆ మాట."

"మరి మా ఆయనను ఏమంటరు?"

"అతనికీ అదే మాట."

కృష్ణప్రియ నవ్వింది. "ఇద్దరం కాపురం చేస్తున్నం. మీ పుస్తకంల మొగడూ లేడు, పెండ్లమూ లేదు."

"నేను పెట్టిన మాటలా ఇవి? ఆ దేశంలోనే వీటి మీద కొట్టుకు చస్తున్నారు. ఇది రోగం పేరా, తిట్టా అని పేషెంట్లే డాక్టర్లను నిలదీస్తున్నారట. వాళ్ళు మార్చిన రోజున నేనూ మారుస్తాను."

"అప్పటి దాంక?"

"ఓర్చుకోవాలి."

"ముందు చూసిన డాక్టరు గూడ గిట్లనే ఒక మాటన్నడు సార్. ఆ దినం నుంచి మా ఇంట్ల అన్నం సయించలే."

"మాటకే ఇంత పరేషాన్ అయితే రేపు కత్తికి ఎలా తట్టుకుంటావయ్యా?"

"కత్తి గాయం మానుతది."

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అసలు ఈ ఆపరేషన్‌తో ఏం సుఖపడదామని?"

ఆమె కిటికీ వైపు చూసింది.

"ఎండకాలం పని దిగినంక సైట్ల అందరు ట్యాంకర్ పైపు కింద తానం చేస్తరు సార్. నవ్వుకుంట, ఒకల మీద ఒకలు నీళ్ళు పోసుకుంట. ఆ నీళ్ళ కింద అందర్లెక్క నిలవడాలె. అంతే."

"ఇంత చిన్న కోరికా?"

"చిన్నదే. ఏండ్ల సంది ఉన్నది."

కామేశ్వరరావు గుంటూరులో చదువుకున్న మనిషి. జాలి చూపించడం ఆయనకు నేర్పలేదు.

"జాలిపడి రాయలేనయ్యా. ఈ మాటలు ఉంటే ఉత్తరం. లేకపోతే లేదు."

"ఒక్కటడుగుత సార్. ఇందాక మా ఆయనను చూసుడుతోనే మగాడన్నరు. పుస్తకం తీసి చూసి అన్నరా?"

"దానికి పుస్తకమెందుకు? మనిషిని చూస్తే తెలియదూ?"

"పుట్టుక అడిగిన్రా?"

"అడగాల్సిన పనేముంది?"

"గదే నేననేది. ఒకలకు మీ కండ్లు సాలె. ఇంకొకలకు పుస్తకం గావాలె. ఇదేం న్యాయం?"

డాక్టరు పుస్తకం తిరగేశాడు. అందులో జవాబు దొరకలేదు. చివరికి దాన్ని మూసి పక్కకు నెట్టాడు.

"లాయరువి కావాల్సింది," అని విసుక్కుంటూ లెటర్‌హెడ్ తీశాడు. రాస్తూ పైకి చదివాడు. "ఈ మనిషికి మతి బాగానే ఉంది. బాగా ఆలోచించుకునే మనసుకు తగ్గ ఒళ్ళు కోరుతున్నారు. ఆపరేషన్ చేయవచ్చును. చాలా?"

"ఆ రెండు మాటలు?"

"రాయలేదు. చూసుకో."

"సంతకం?"

సంతకం పెట్టాడు. ముద్ర కొట్టాడు. పైన పేరు రాయడానికి వదిలిన ఖాళీ దగ్గర కలం ఆనించాడు. ఆ పూట మొదటిసారి అతని గొంతు మెత్తబడింది.

"కృష్ణప్రియ అనే రాస్తానులే అమ్మా. సరేనా?"

ఆమె లేచి కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"ఆపరేషన్ మా ఆయనకు సార్."